వెయ్యి డాలర్ల వారానికి 15 శాతం

ఫ్లోరిడాలోని ఓర్లాండోలోనో, హవాయిలోని మావీ దీవిలోనో ఒక రిసార్టులో ఏడాదికి ఒక వారం గడిపే హక్కును, అంటే టైమ్‌షేర్‌ను, దస్తావేజు రాయించుకుని కొన్నవారు తర్వాత దాన్ని అమ్మబోతే, కొన్న ధరలో చిన్న భాగం చేతికొచ్చినా అదృష్టమే. అమ్మేవారు కెనడాలోనో, అమెరికా ఉద్యోగం ముగించుకుని తిరిగొచ్చి హైదరాబాదులోనో ఉంటే అంత చిన్న బేరమూ నెలల తరబడి తెమలదు. జాప్యానికి అందరూ బదిలీ పని చూసే క్లోజింగ్ కంపెనీని నిందిస్తారు. నా దృష్టిలో అసలు కారణం చట్టమే. అది లక్షల డాలర్ల భవనానికీ వెయ్యి డాలర్ల వారానికీ ఒకే దారి చూపిస్తోంది.

విదేశీయులు అమెరికా పొలాలు, స్థలాలు కొని, లాభానికి అమ్ముకుని, పన్ను కట్టకుండా పోతున్నారన్న ఆందోళనతో 1980లో ఫిర్‌ప్టా చట్టం వచ్చింది. పరదేశంలో ఉన్నవారిని వెంటాడి వసూలు చేయడం కష్టం కనుక, 1984లో ఆ భారాన్ని కొనేవారి మీద పెట్టారు. అమ్మకం సొమ్ములో 10 శాతం పట్టుకుని ఖజానాకు కట్టాలన్నారు. 2016లో దాన్ని 15 శాతం చేశారు. ఈ శాతం లాభం మీద కాదు, మొత్తం ధర మీద. దస్తావేజుతో వచ్చిన వారం కూడా స్థిరాస్తే కనుక, నష్టానికి అమ్మినా కోత తప్పదు. కొనేవారు పట్టుకోకపోతే ఆ పన్ను వారి మెడకే చుట్టుకోవచ్చు. అందుకే జాగ్రత్తగల కంపెనీ కాగితాలన్నీ చేతికందేదాకా కదలదు. సొమ్మును, 8288 ఫారాన్ని బదిలీ జరిగిన 20 రోజుల్లో పంపాలి. అందులో అమ్మేవారి అమెరికా పన్ను నంబరు ఉండాలి. అది లేనివారు పాస్‌పోర్టు అసలు ప్రతినో ధ్రువీకరించిన నకలునో జతచేసి ఐటీఐఎన్ అనే నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. మామూలుగా ఏడు వారాలు, విదేశం నుంచి పంపితే తొమ్మిది నుంచి పదకొండు వారాలు పడుతుందని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్సే చెబుతోంది. కోత తగ్గించమని 8288-బీ పెట్టుకుంటే నిర్ణయానికి సుమారు 90 రోజులు. హవాయి అయితే రాష్ట్రం తరఫున మరో 7.25 శాతం. ఆ ధరకు తానే కొనుక్కునే హక్కు రిసార్టుకు ఉంటే ఆ హక్కు గడువూ ముగియాలి. అదే అమ్మేవారు అమెరికా పన్ను నివాసి అయితే, తాము విదేశీయులం కామని ఒక ప్రమాణపత్రం మీద సంతకం చేస్తే కోత ప్రసక్తే ఉండదు.

వెయ్యి డాలర్లకు కోత 150 డాలర్లే, దానికింత గోల ఎందుకని అడగవచ్చు. సమస్య ఆ 150 దగ్గర లేదు. సొంత వాడకానికి కొన్నది నష్టానికి అమ్మితే కట్టాల్సిన పన్నే ఉండదు. అయినా ఆ సొమ్ము వెనక్కి రావాలంటే, ఏడాది గడిచాక 1040-ఎన్‌ఆర్ రిటర్ను దాఖలు చేయాలి. దాన్ని నింపిపెట్టే అకౌంటెంటు ఫీజే 150 దాటుతుంది. చాలామంది ఆ డబ్బును వదులుకుంటారు. కట్టనక్కర్లేని పన్నును ప్రభుత్వం అలా ఉంచేసుకోవడం అన్యాయం. నివాసం కోసం కొనే మూడు లక్షల డాలర్ల లోపు ఆస్తికి మినహాయింపు ఉంది కదా అనేవారూ ఉన్నారు. ఉంది. కానీ మొదటి రెండేళ్లూ ఆ ఆస్తి వాడకంలో ఉండే రోజుల్లో కనీసం సగం కొనేవారో వారి కుటుంబమో అక్కడ ఉండాలన్నది దాని షరతు. ఏడాదికి ఒక వారం వెళ్లేవారు దాని మీద ధీమాగా ఎలా సంతకం పెడతారు? ఇక బలమైన అభ్యంతరం ఒకటుంది: చిన్న అమ్మకాలను వదిలేస్తే పెద్ద ఆస్తిని ముక్కలు చేసి తప్పించుకుంటారని. మినహాయింపును నమోదైన టైమ్‌షేర్ వారాలకే, ఐదు వేల డాలర్లలోపు ధరకే, ఒక అమ్మకందారుకు ఏడాదికి ఒక్కసారికే పరిమితం చేస్తే ఆ భయానికి చోటుండదు.

ఇది అమెరికాకే పరిమితమైన లోపం కాదు. మన దేశంలో స్థానిక నివాసి నుంచి ఇల్లు కొంటే 50 లక్షల లోపు ధరకు టీడీఎస్ లేదు. అదే ఎన్నారై అమ్మితే ఆ కనీస పరిమితి వర్తించదు. ఇక్కడా మోసేది కొనేవారే.

చట్టం మారేదాకా జాప్యం ధరలో భాగమే. బేరం సాగుతుండగా జనవరి వస్తే కొత్త మెయింటెనెన్స్ బిల్లు పడుతుంది, ఆ ఏటి వారమూ చేజారవచ్చు. కాబట్టి ఒప్పందంలోనే మూడు సంగతులు రాసుకోవాలి: ఆ బిల్లు ఎవరిది, ఆ ఏడాది వారం ఎవరిది, ఐటీఐఎన్ ఏ తేదీలోగా రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలి. అమ్మేవారికి ఆ నంబరు ఉందో లేదో ధర మాట్లాడకముందే అడగాలి.