దీపముండగానే

మన ఇళ్ళలో వీలునామా మాట ఎత్తితే చాలు, "శుభం పలకరా మంకెన్నా" అన్న సామెత ఎదురవుతుంది. గృహప్రవేశానికి ముహూర్తం వెతికే మనం, మన తదనంతరం ఆ గృహం ఎవరిదన్న ప్రశ్నను మాత్రం అపశకునంగా ఎంచుతాం.

మా బంధువుల్లో ఒకాయనకు కిరాణా కొట్టు ఉండేది. ఆయన హఠాత్తుగా పోయిననాడు కొట్టునిండా సరుకుంది, బ్యాంకులో సొమ్ముంది. ఖాతా ఆయన ఒక్కరి పేరనే ఉండడంతో చెక్కు రాసే చేయి లేకపోయింది. రావలసిన బాకీలు సగం చిట్టా పుస్తకంలో, సగం ఆయన జ్ఞాపకంలో ఉన్నాయి. ప్రామిసరీ నోట్లు కొన్ని దొరికాయిగాని, వాటిలో మూడేళ్ళు దాటి కాలదోషం పట్టినవే ఎక్కువ. అప్పిచ్చినవాళ్ళు మాత్రం దారి తప్పకుండా వచ్చారు.

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా పోయిన పురుషుని స్వార్జితానికి భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా సమాన వారసురాలు. ఆ ఇంట్లో భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు, వృద్ధురాలైన తల్లి: అయిదు వాటాలు. చట్టం న్యాయంగానే పంచింది. కాని ఇరవయ్యేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది భార్య అని దానికెలా తెలుస్తుంది? వారిలో ఎవరూ చెడ్డవారు కారు. అయిదు సంతకాలూ ఒకచోట కుదిరేలోగా టోకు వర్తకులు అరువు ఆపేశారు, కొట్టు మూతపడింది.

భాగస్వామ్య వ్యాపారమైనా ఇంతే. 1932 నాటి చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే ఒక భాగస్వామి మరణంతో ఆ సంస్థ రద్దవుతుంది. ఇద్దరే ఉన్నచోట, ఆ రాసుకున్నదీ దాన్ని నిలబెట్టలేదు.

"నామినీగా పేరు రాశాంగా" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. నామినీ సొమ్ము అందుకునే చేయి మాత్రమే, హక్కు వారసులదే. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లోను, కంపెనీ వాటాల విషయంలో 2023లోను సుప్రీంకోర్టు తేల్చింది ఇదే.

ఇంత చిక్కుకూ విరుగుడు ఒక తెల్లకాగితం. 1925 నాటి భారత వారసత్వ చట్టం వీలునామాకు స్టాంపు కాగితం అడగదు, రిజిస్ట్రేషను తప్పనిసరి అనదు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, మన ఎదుటే వారిచేత చేయించాలి. ఆస్తిలో వాటా పొందేవారు సాక్షులు కాకపోవడం మంచిది. రిజిస్టరు చేయిస్తే వివాదాలకు తావు తగ్గుతుంది. బ్రతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. పిత్రార్జితంలో మాత్రం మన వాటా వరకే రాయగలం.

దానికి తోడు ఒక నోటుపుస్తకం ఉండాలి: ఎవరికెంత ఇవ్వాలి, ఎవరినుంచి ఎంత రావాలి, ఏ చీటీ ఎక్కడ, కొట్టు అడ్వాన్సు ఎంత, ఏ కాగితం ఏ బీరువాలో. అది ఉన్నట్టు ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

ఇది ఆస్తిపరుల వ్యవహారమని అనుకుంటాంగాని, ఆస్తిపరులకు ప్లీడర్లుంటారు. ఒక్క కొట్టుమీద బ్రతికే కుటుంబానికే ఆ కాగితం అవసరం ఎక్కువ. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నదీ మన సామెతే కదా!