ఫ్రేమింగ్‌హామ్‌లో దాచిన నెత్తురు

బోస్టన్‌ నుంచి పడమరగా ఇరవై మైళ్లు పోతే ఫ్రేమింగ్‌హామ్‌. ఊరి నడిమధ్య రైలు గేటు, పాత ఇటుక కట్టడాలు, బ్రెజిల్‌వాళ్ల బేకరీలు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ చూడటానికేముంది అనిపిస్తుంది. కానీ మన ఊళ్లో డాక్టరు బీపీ చూసి, కొలెస్ట్రాల్‌ పరీక్ష రాసి, సిగరెట్లు మానమనడం వెనక ఈ ఊరివాళ్ల ఓపిక ఉంది. 1948లో 5,209 మంది ఇక్కడ పేర్లు రాయించుకుని, రెండేళ్లకోసారి వచ్చి పరీక్షలు చేయించుకుంటామని ఒప్పుకున్నారు. 1971లో వాళ్ల పిల్లలూ, అల్లుళ్లూ, కోడళ్లూ కలిసి 5,124 మంది చేరారు. 2002 నుంచి మనవల తరం వస్తోంది. గుండెజబ్బుల కోసం మొదలైన ఈ అధ్యయనం 1970ల్లో జ్ఞాపకశక్తిని కూడా కొలవడం మొదలుపెట్టింది. నేను వెళ్లింది ఆ రెండో సంగతి కోసం.

అక్కడి సమాచారంతో పరిశోధన చేసే ఒక తెలుగమ్మాయి నన్ను అధ్యయన కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లింది. పరీక్ష జరుగుతున్న గదిలోకి బయటివాళ్లను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఖాళీ గదిలో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చెప్పింది. తీసిన రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చని ప్లాస్మాను చిన్న చిన్న గొట్టాల్లో పోసి, గడ్డకట్టించి దాచేస్తారు. జ్ఞాపకశక్తి పరీక్ష వేరే. చిన్న కథ చదివి వినిపించి, అప్పుడొకసారీ, కొంతసేపు పోయాక మరోసారీ చెప్పమంటారు. గీతల బొమ్మ చూపించి తీసేసి, గుర్తున్నంత గీయమంటారు. బొమ్మలు చూపించి అదేమిటో అడిగే పరీక్ష ఇంకొకటి. అది బోస్టన్‌లోనే పుట్టింది, పేరు కూడా బోస్టన్‌ పేరే.

ఆ బొమ్మలను తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి వరకూ వరసపెట్టారు. మొదటిది మంచం. సగం దూరంలో బీవర్‌ అనే జంతువు, ఇంకా ముందుకు పోతే ఆస్పరాగస్‌ అనే కూర. మన పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అమ్మమ్మ ఈ రెంటినీ జన్మలో చూసి ఉండదు. ఇక చివరికి దగ్గరలో, అమెరికావాళ్లు తడబడే చోట, ఎద్దుల మెడ మీద వేసే కాడి బొమ్మ ఉంది. అది మాత్రం ఆవిడ కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. చదువుకున్న అమెరికన్‌ కోసం పేర్చిన వరస అది. దాంతో మన పెద్దవాళ్ల తెలివిని కొలిస్తే మంచి బుర్రకు కూడా తక్కువ మార్కులు పడతాయి. మతిమరుపు జబ్బులను పసిగట్టడానికి రక్తంలోని ప్రొటీన్ల మీద ఇంత ఆశ పుట్టడానికి ఇదొక కారణం. ప్రొటీన్‌కు భాష లేదు, బడి లేదు.

ఆ ప్రొటీన్లు ఏవి? ఆల్జైమర్స్‌లో మెదడులో అమిలాయిడ్‌ పేరుకుంటుంది. అది అక్కడే చిక్కుకుపోవడంతో, అందులో 42 అనే రకం రక్తంలోకి వచ్చే వాటా తగ్గుతుంది. టావ్‌ అనే మరో ప్రొటీన్‌ 217వ స్థానంలో ఫాస్ఫేట్‌ తగిలించుకుని రక్తంలో పెరుగుతుంది. నరాల తీగలు ఏ కారణంతో దెబ్బతిన్నా న్యూరోఫిలమెంట్‌ బయటపడుతుంది, అందుకని అది ఒక్క జబ్బుకే గుర్తు కాదు. ఇవన్నీ మిల్లీలీటరు ప్లాస్మాలో పికోగ్రాముల లెక్కన ఉంటాయి. పికోగ్రామంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట వీటిని రక్తంలో నమ్మకంగా కొలవడం సాధ్యమయ్యేది కాదు, వెన్నులోకి సూది గుచ్చి నీరు తీయాల్సివచ్చేది. అయస్కాంత పూసలతో ప్రొటీన్‌ అణువులను ఒక్కొక్కటిగా పట్టుకునే పద్ధతి ఈ చుట్టుపక్కలే, టఫ్ట్స్‌ విశ్వవిద్యాలయంలో డేవిడ్‌ వాల్ట్‌ ప్రయోగశాలలో పుట్టింది.

నన్ను ఎక్కువగా కదిలించింది 2014లో వచ్చిన ఒక ఫలితం. మెదడు కణాలకు ఎరువులాంటిది బీడీఎన్‌ఎఫ్‌ అనే ప్రొటీన్‌. గలిత్‌ వైన్‌స్టైన్‌, భారత్‌లో వైద్యం చదివి ఇక్కడికి వచ్చిన సుధా శేషాద్రి, వాళ్ల సహచరులు, అరవై ఏళ్లు పైబడి మతి బాగున్న 2,131 మంది రక్తంలో దాన్ని కొలిచారు. పదేళ్ల వరకూ గమనిస్తే 140 మందికి డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చింది. బీడీఎన్‌ఎఫ్‌ బాగా తక్కువున్న ఐదో వంతు మందితో పోలిస్తే, బాగా ఎక్కువున్న ఐదో వంతు మందికి ముప్పు సగానికన్నా తక్కువ. ఆ రక్షణ ఆడవాళ్లలో, ఎనభై దాటినవాళ్లలో, కాలేజీ చదువు ఉన్నవాళ్లలో మాత్రమే కనిపించింది. ఈ ప్రొటీన్‌ తగ్గడం జబ్బుకు కారణమా, లోపల అప్పటికే మొదలైన జబ్బుకు గుర్తా అన్నది ఈ లెక్క ఒక్కటే తేల్చదు. కానీ ఆ రక్తం తీసింది 1990ల నుంచి 2001 లోపు. ఇచ్చినవాళ్లకు అది దేనికి పనికొస్తుందో తెలియదు. తీసినవాళ్లకూ పూర్తిగా తెలియదు.

బయట వరండాలో ఎనభైకి దగ్గరపడ్డ ఒకాయన కలిశాడు. వాళ్ల అమ్మానాన్నలు మొదటి జట్టువాళ్లు. చిన్నప్పుడు అమ్మ ఈ పరీక్షకు వెళ్లే రోజు ఇంట్లో అందరికీ తెలిసేదట, తాను పెద్దయ్యాక చేరకపోవడమన్న ఆలోచనే రాలేదట. చనిపోయాక మెదడు ఇవ్వడానికి కూడా సంతకం చేశానన్నాడు. ఆ ఏర్పాటు 1997 నుంచీ ఉంది. చేతి నిండా పని, ఇంట్లో బాధ్యతలు, వేరే ఊళ్లకు వలసలు ఉన్నా మనుషులు తిరిగి తిరిగి రావడమే ఇక్కడి అసలు ఆస్తి అని నాకనిపించింది. ఎంత గొప్ప యంత్రమైనా ఇవాళ్టి నెత్తురునే కొలుస్తుంది. పాతికేళ్ల కిందటి నెత్తురూ, ఆ పాతికేళ్లలో ఆ మనిషికి ఏం జరిగిందీ ఒకే చోట దొరకడం చాలా అరుదు.

2016లో ఇక్కడి నుంచే మరో మంచి కబురు వచ్చింది. మూడు దశాబ్దాల్లో డిమెన్షియా కొత్తగా రావడం దశకు దశ తగ్గుతూ వచ్చి, 1970ల చివరితో పోలిస్తే చివరి దశకు 44 శాతం తగ్గింది. అయితే ఆ తగ్గుదల కనీసం హైస్కూలు చదువు పూర్తయినవాళ్లలోనే. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బడి మొహం చూడని మన పెద్దమ్మల తరం గుర్తొచ్చింది.

వాళ్ల గురించి ఫ్రేమింగ్‌హామ్‌ ఎక్కువ చెప్పలేదు. 1948 జట్టు దాదాపు అంతా తెల్లవాళ్లే. భారతీయులతో సహా ఇతరులను చేర్చుకున్న ఓమ్ని జట్టు 1994లో మొదలైంది, అందులో అందరూ కలిపి 507 మంది. మన సంగతి మన దగ్గరే వెతకాలి. హైదరాబాద్‌ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో చెప్పింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, మామిడితోటల మధ్య, ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడే పల్లెల్లో, బెంగళూరు ఐఐఎస్‌సీ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకుంది. అక్కడా రక్తం తీస్తున్నారు, జ్ఞాపకశక్తిని కొలుస్తున్నారు. ఇలాంటి ఫలితాలు చెప్పడానికి ఫ్రేమింగ్‌హామ్‌కు ముప్పై, నలభై ఏళ్లు పట్టింది. శ్రీనివాసపురానికి కూడా అంత ఓపికా, అంత డబ్బూ దొరకాలని నా కోరిక.

తిరుగుదారిలో పక్క ఊరు ఆష్‌లాండ్‌లోని లక్ష్మీ ఆలయంలో ఆగాం. భోజనాల దగ్గర నా మాటలు విని గుంటూరు వైపు పెద్దాయన ఒకరు పలకరించారు. వయసు డెబ్బై నాలుగట.

‘‘అమ్మాయ్‌, ఆ రక్తపరీక్షేదో నాకూ చేయించమని మావాడితో చెప్పమ్మా. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది.’’

ఉన్న సంగతి చెప్పాను. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మే నెలలో ఫుజిరేబియో సంస్థ పరీక్షకు అనుమతి ఇచ్చింది. అది 217 టావ్‌కూ, 42 అమిలాయిడ్‌కూ ఉన్న నిష్పత్తిని చూస్తుంది. 55 ఏళ్లు దాటి, లక్షణాలు కనబడి, నిపుణుల దగ్గరికి వచ్చినవాళ్లకే అది. 499 నమూనాలతో చూసినప్పుడు, పాజిటివ్‌ అన్నవాటిలో 91.7 శాతం, నెగటివ్‌ అన్నవాటిలో 97.3 శాతం స్కాన్‌తో గానీ వెన్నునీటి పరీక్షతో గానీ సరిపోయాయి. అయిదో వంతు లోపు నమూనాలు ఎటూ తేలలేదు.

‘‘ముందు బీ12, థైరాయిడ్‌ చూపించుకోండి బాబాయిగారూ. చెవులు బాగా వినపడుతున్నాయా? కిడ్నీ ఎలా ఉంది?’’

‘‘క్రియాటినిన్‌ కొంచెం ఎక్కువే అన్నారమ్మా.’’

కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో ఈ టావ్‌ పెరిగి కనిపిస్తుంది, ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పమన్నాను. పక్కనే కూర్చున్న కోడలు ఫోను తీసింది. మామగారు వంటింట్లో గ్యాసు కట్టేయడం మరిచిన రోజు, ఎప్పుడూ వెళ్లే దారిలో తికమకపడిన రోజు, మనవరాలి పేరు తప్పు పిలిచిన రోజు, సంక్రాంతి నుంచీ తేదీలతో రాసిపెట్టుకుంది. వాటిని కాగితం మీద తీసుకుని, రక్తపరీక్ష కన్నా ముందు డాక్టరు చేతికి ఇవ్వమన్నాను.