మన బొమ్మ మనమే గీసుకోవాలె

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతో చదవండి.

మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ అయిపోయిండు. బొమ్మలు గీస్తడు. బీఎఫ్ఏ చదువుత అంటుండు. "బొమ్మలు బువ్వ పెడ్తయారా?" అని బాపు కోపం. నిజం చెప్తున్న, నేను గూడ బాపు దిక్కే మాట్లాడిన. డిగ్రీ చెయ్యి, బొమ్మలు సెలవుల్ల వేసుకో అన్న. వాడు ఎదురు చెప్పలే. ఫోన్ల కె. లక్ష్మాగౌడ్ గారి బొమ్మలు తీసి నా చేతిల పెట్టిండు.

సన్నటి నల్ల గీతల్లో మనుషులు, మేకలు, చెట్లు. మనిషి ఎక్కడ అయిపోయిండో, చెట్టు ఎక్కడ మొదలైందో చెప్పుడు కష్టం. మేక వెనక ఎక్కడో నిలబడదు, ఇంటి మనిషి లెక్క పక్కనే ఉంటది. ముసురు పట్టినప్పుడు మేకలు, మేము ఒక్క కప్పు కిందనే పండుకున్న రోజులు యాదికొచ్చినయి.

ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిండు. హైదరాబాద్‌లో చదివి, బరోడాకు పోయి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నడు. 2016లో పద్మశ్రీ వచ్చింది. అంత దూరం పోయొచ్చి ఏం గీసిండు? చిన్నప్పుడు తన ఊర్లె చూసినోళ్లనే గీసిండు.

మరి మనల్ని ఎవరు గీస్తున్నరు? మేం చదివిన బడి గోడ మీద ఒక గిరిజనుని బొమ్మ ఉండేది. నెత్తికి ఈకలు, నడుముకు ఆకులు, చేతిల విల్లు. మా అయ్యలు, తాతలు ఎవ్వరూ అట్ల లేరు. ఆ బొమ్మ వేసినాయనకు మన మీద కోపం ఏం లేదు, మనల్ని చూడలేదు, అంతే. తోటి పిల్లలు మాత్రం దాన్ని చూపిచ్చి మమ్మల్ని నవ్విన్రు.

పోయినేడు తమ్ముడు, నేను భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలున్న పాండవుల గుట్టకు పోయినం. అక్కడి రాతి గోడల మీద పాతకాలం మనుషులు ఎర్ర రంగుతో వేసిన అడవిదున్న, దుప్పి, పులి బొమ్మలున్నయి, మనుషుల బొమ్మలు గూడ ఉన్నయి. వాడు ఆ రాయి ముందట చాలాసేపు నిలబడ్డడు. నేను సెల్ఫీలు దిగిన.

మన కోయోళ్లకు పడిగెలున్నయి గదా. మూడు మూలల గుడ్డ మీద గట్టు కథంతా బొమ్మలల్ల ఉంటది, డోలీలు దాన్ని చూపిచ్చుకుంట కథ చెప్తరు. పుస్తకం లేని కాలంల మన చరిత్రను కాపాడింది ఆ బొమ్మలే. అసుంటి ఇంట్ల పుట్టి "బొమ్మలెందుకు" అని నేనెట్ల అన్న?

బాపు భయం తప్పు కాదు. బీఎఫ్ఏ నాలుగేండ్లు, రంగులకు, కాగితాలకు ఖర్చు, తర్వాత జీతం గ్యారంటీ లేదు. అయినా మన ఊరిని, మన అడవిని లోపట్నుంచి చూసినోడు ఒక్కడన్న గీయకపోతే, గోడ మీద ఆ ఈకల బొమ్మనే ఉంటది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు నుంచి మాసబ్‌ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూలో చదివిన అన్నలు, అక్కలు ఎవరన్న ఉంటే కామెంట్ పెట్టండి. ఎంట్రెన్సుకు ఏం ప్రాక్టీస్ చెయ్యాలె, హాస్టల్ ఎట్ల, ఖర్చెంత అయితది, ఉన్నదున్నట్టు చెప్పండి. అదంతా బాపుకు చదివి వినిపిస్త. ఈసారి తమ్ముని దిక్కు కూసొని మాట్లాడుత.

జై ఆదివాసీ.