కొండెక్కే పాఠాలు!

విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు బస్సెక్కితే... గరికబంద దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపు మలుపుకీ లోయలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లని అల్లుకున్న మిరియాల తీగలు. కిటికీ పక్కన సీటు దొరికినవాళ్లది అదృష్టమే. సెల్‌ఫోన్‌లో మాట్లాడేవాళ్లకి మాత్రం 'హలో... హలో...' అనడమే మిగులుతుంది. కొండ అడ్డొస్తే సిగ్నల్ పోతుంది, మలుపు తిరిగితే వస్తుంది. పర్యటకులకి అది కాసేపటి చికాకు. ఇక్కడి మాస్టార్లకి అదే పెద్ద చిక్కు!

పాడేరు 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమైంది. మోదకొండమ్మ గుడి, సంత, ఆఫీసులతో ఊరు సందడిగా ఉంటుంది. అక్కణ్నుంచి జీపు దారి పట్టి, ఆపైన కాలిబాటన వెళ్తే వచ్చే గూడేల్లో చాలాచోట్ల బడికి ఒక్కరే టీచరు. ఐదు తరగతులకీ ఆయనే. శిక్షణ కోసం ఆయన కొండ దిగితే అన్నాళ్లూ బడికి తాళమే. మరి శిక్షణే మాస్టారి దగ్గరికి నడిచొస్తే?

ఆ ఆలోచన కొత్తదేం కాదు. 1975-76లో 'సైట్' ప్రయోగం కింద అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు అందించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సైన్సు ఎలా చెప్పాలో టీచర్లకి టీవీలోనే నేర్పారు. 2004 సెప్టెంబరు 20న చదువుల కోసమే 'ఎడ్యుశాట్' శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 'దీక్ష'ని ప్రారంభించారు. ఈసారి పాఠం జేబులోని ఫోన్లోకే వచ్చింది. కరోనాతో బడులు మూతపడ్డ 2020లో 'నిష్ఠ' శిక్షణ ఆన్‌లైన్‌కి మారినప్పుడు, తొలి విడత మొదలైంది ఆంధ్రప్రదేశ్‌కి చెందిన 1,200 మంది శిక్షకులతోనే.

అయితే ఉపగ్రహానికి కొండలు అడ్డు కాదు, సెల్ టవరుకి అడ్డే. ఇటీవలి ఏళ్లలో కొత్త టవర్లు వచ్చినా లోయల్లోని ఊళ్లకి సిగ్నల్ దోబూచులే. దానికీ ఓ ఉపాయముంది. సిగ్నల్ ఉన్నచోట వీడియోని దించుకుంటే, ఆనక నెట్ లేకున్నా చూడొచ్చు. సంతకో, మీటింగుకో పాడేరు వచ్చినప్పుడు ఆ పని కానిచ్చేస్తే చాలు. ఒక ఫోన్ నుంచి మరోదానికి పంపుకోవచ్చు కూడా. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌కి కెమెరా చూపితే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది.

అంతటితో అయిపోతే బాగుండు! గూడెంలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒడియా, కొండ భాష. ఒకటో తరగతి పిల్లాడికి తెలుగే పరాయిభాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది అందుకే. ఊళ్లన్నిటికీ ఒకటే అయిన వీడియో, ఈ పిల్లాడికి 'కూడిక' అంటే ఏమిటో ఏ మాటలతో చెప్పాలో నేర్పలేదు. చివర్లో ప్రశ్నలకి జవాబులు నొక్కితే సర్టిఫికెట్ వస్తుంది. తరగతిలో ఏం మారిందో అది చెప్పదు.

ఆ లోటు తీరేది స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనే. నాలుగు బళ్ల మాస్టార్లు ఒకచోట కూర్చుని, చూసిన పాఠాన్ని తమ పిల్లలకి ఎలా చెప్పాలో మాట్లాడుకుంటే ఆ వీడియోకి ప్రాణం వస్తుంది. పక్క గూడెం మాస్టారు చింతగింజలతో లెక్కలు చెప్పే పద్ధతి ఏ సర్వర్‌లోనూ దొరకదు మరి!