ఎవరి తాలూకు?



చాలా రోజుల తరువాత వ్రాస్తున్నాను. ఇంతకాలం వ్రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, బొటనవ్రేలంత వస్తువొకటి. దానినే పెన్‌డ్రైవ్ అంటారు. అదెవరో తనకు తెలియదని మా కంప్యూటరు మొరాయించింది. ముప్పైయేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పి 2015లో పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఈ యంత్రసంకటం ఎట్లా దాపురించిందో, అందులో ఏది దక్కి ఏది దక్కలేదో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. మీలో ఒక్కరికి ఉపయోగపడినా నా శ్రమ ఫలించినట్లే.

ముందుగా అందులో ఏమున్నదో చెప్పాలి. 2011 వేసవిలో నల్లగొండ జిల్లాలోని మా స్వగ్రామానికి వెళ్ళినప్పుడు మా అక్కయ్య పాడిన పాటలను చిన్న వాయిస్ రికార్డరులో పట్టుకున్నాను. ఇసుర్రాయి పాటలు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు కలిపి మొత్తం నలభై మూడు. అక్కయ్యకు అక్షరం రాదు. నాకు ఛందస్సు వచ్చును గాని పాట రాదు. 2019లో ఆమె కాలం చేసింది. రికార్డరు అంతకు ముందే పాడైపోయింది. మిగిలినది ఆ పెన్‌డ్రైవు ఒక్కటే. "ఇంకొక కాపీ తీసి పెట్టుకోండి మామయ్యా" అని మా కోడలు రెండు మూడు పర్యాయాలు హెచ్చరించింది. ప్రతులు వ్రాసుకుంటూ పోబట్టే తాళపత్ర గ్రంథాలు మనదాకా వచ్చాయని తరగతిలో ఘంటాపథంగా చెప్పిన నేనే ఆ పని చేయలేదు.

ఇటీవల అక్కయ్య మనుమరాలికి పెళ్ళి కుదిరింది. మేనకోడలు ఫోను చేసి, "మామా, అమ్మ పాడిన అప్పగింతల పాట నీ దగ్గరుంది కదా, పంపవా? పెళ్ళిలో వినిపిద్దాం" అని అడిగింది. సరేనని పెన్‌డ్రైవు తీసి కంప్యూటరుకు ముందున్న రంధ్రంలో పెట్టాను. టుంగుమని ఒక శబ్దం వచ్చి, యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించలేదన్న సందేశం తెరమీద వెలసింది. తీసి పెట్టాను, మళ్ళీ తీసి పెట్టాను. అదే శబ్దం, అదే మాట.

మర్నాడు లింగంపల్లి వైపున్న ఒక దుకాణానికి పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రవాడు దానిని తన యంత్రానికి తగిలించి, "దీనిని ఫార్మాట్ చేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది సార్" అన్నాడు. లోపలి పాటలేమవుతాయని అడిగితే, "అవి పోతాయి కదా సార్" అని నా అమాయకత్వానికి నవ్వాడు. పెన్‌డ్రైవు జేబులో వేసుకుని తిరిగి వచ్చాను.

ఆ సాయంత్రం కోడలు నానక్‌రామ్‌గూడలోని ఆఫీసు నుండి వచ్చాక కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంది. నాకు అర్థమయ్యేటట్లు ఆమె చెప్పినది నా మాటలలో చెబుతాను.

1996కు పూర్వం కంప్యూటరుకు ఏ పరికరం తగిలించాలన్నా దానిదొక రంధ్రం, దానిదొక తీగ. మౌసుకొకటి, ప్రింటరుకొకటి. ఆ గందరగోళం తీర్చడానికి ఏడు సంస్థలు కలిసి ఆ ఏడాది యూఎస్‌బీ అనే ఉమ్మడి పద్ధతిని తెచ్చాయి. దాని రూపకల్పనలో ముఖ్యుడు ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, వడోదరలో చదువుకున్న మనవాడే. అప్పటి పద్ధతి ప్రకారం తీగలో ఉండే తంతువులు నాలుగు. రెండు ఐదు వోల్టుల విద్యుత్తు కోసం, రెండు సంభాషణ కోసం. పరికరం తగిలించగానే సంభాషణ తంతువులలో ఒకదానిమీద వోల్టేజి పెరుగుతుంది. అది తలుపు తట్టడం వంటిది. వెంటనే కంప్యూటరు వచ్చినవారికి 1 నుండి 127 లోపల ఒక సంఖ్య ఇచ్చి కూర్చోబెట్టి, మన పల్లెల్లో కొత్తవారిని అడిగినట్లే "ఎవరి తాలూకు?" అని విచారిస్తుంది. పరికరం తన ఇంటిపేరుగా తయారీదారు సంఖ్యను, సొంతపేరుగా వస్తువు సంఖ్యను, వృత్తిగా తన తరగతిని చెప్పుకోవాలి. ఈ ప్రవర సక్రమంగా సాగితేనే లోపలికి ప్రవేశం. మధ్యలో మాట తడబడితే "గుర్తు తెలియని పరికరం" అని ముద్ర వేసి, డివైస్ మేనేజరులో 43 అనే సంఖ్య చూపుతుంది.

మాట తడబడడానికి కారణాలు చాలావరకు చిన్నవే. రంధ్రంలో దుమ్ము, వదులైన పలకలు, మధ్యలో పొడుగు తీగ, నాలుగు పరికరాలకు ఒకే ఆధారమైన హబ్బు. పాత 2.0 రంధ్రం ఇవ్వగలిగినది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 రంధ్రం 900. తిరిగే డిస్కులకు ఒక్కోసారి ఆ విద్యుత్తు చాలక నోరు పెగలదు. కనుక మొదట చేయవలసినది మధ్యవర్తులను తొలగించి, డబ్బాకు వెనుక మదరుబోర్డుకే ఉన్న రంధ్రంలో నేరుగా పెట్టి చూడడం. కుదరకపోతే డివైస్ మేనేజరులో ఆ గుర్తు తెలియని పేరును తొలగించి, కంప్యూటరును పూర్తిగా ఆపి, కరెంటు తీగ కూడా పీకి, కొంతసేపటి తరువాత మళ్ళీ మొదలుపెట్టాలి. అప్పటికీ కాకపోతే వేరొక కంప్యూటరులో పరీక్షించాలి.

వెనుక రంధ్రంలో పెట్టగానే మా పెన్‌డ్రైవు పలికింది! ముందు రంధ్రమే వదులైపోయిందన్నమాట. కాని సంతోషం నిమిషమైనా నిలువలేదు. ఈ డ్రైవును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని తెర అడిగింది. డిస్క్ మేనేజ్‌మెంటులో చూస్తే దాని ఎదుట "రా" అని ఉన్నది. తెలుగువాణ్ణి గనుక రమ్మంటున్నదని మురిశాను. అది ఇంగ్లీషు "రా" అనీ, పచ్చిది, రూపంలేనిది అని అర్థమనీ కోడలు చెప్పింది. మౌసుమీద నా వ్రేలు ఊరికే ఆడుతున్నదేమో, ఆమె చటుక్కున నా చేయి పట్టుకుని, "ఏదీ నొక్కకండి మామయ్యా!" అన్నది. ఇన్నేళ్ళలో ఆమె నాతో గొంతు పెంచి మాట్లాడినది ఆ ఒక్కసారే.

ఇక్కడొక భేదం గమనించాలి. శబ్దం వినబడకపోవడం వేరు, వినబడి అర్థం కాకపోవడం వేరు. మొదటిది రంధ్రం, తీగ, విద్యుత్తుల దోషం. రెండవది లోపలి పట్టిక దోషం. ఏ ఫైలు పేరేమిటో, అది ఎక్కడ మొదలై ఎక్కడెక్కడికి సాగుతుందో చెప్పే పట్టికలు డ్రైవులోనే ఉంటాయి. వ్రాత సాగుతుండగా పెన్‌డ్రైవును పీకితే అవి చెడతాయి. సురక్షితంగా తొలగించమని తెర చెప్పే మాటను నేనెన్నడూ ఖాతరు చేయలేదు. అదీగాక పెన్‌డ్రైవు తన అక్షరాలను సూక్ష్మమైన విద్యుదావేశాలుగా దాచుకుంటుంది. ఏళ్ళతరబడి పెట్టెలో పడివుంటే ఆ ఆవేశం మెల్లగా జారిపోవచ్చు. మా దానికి ఈ రెంటిలో ఏది ముందు తగిలిందో చెప్పలేము.

కోడలు తన పాత ల్యాప్‌టాప్ తెచ్చింది. మొదట డీడీరెస్క్యూ అనే ఉపకరణంతో పెన్‌డ్రైవులో ఉన్నదున్నట్లు ఒక నకలు తీసింది. రోగిని మాటిమాటికి కోయకూడదట, నకలుమీదనే పని చేయాలట. తరువాత ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆ నకలుమీద నడిపింది. అది పట్టికను నమ్మదు. ఒక్కొక్క రకం ఫైలుకు మొదట ఉండే గుర్తులను వెదుకుతూ పోతుంది. మా రికార్డరు ఫైళ్ళు ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతాయట. ఆ మాట వినగానే నాకు శాసనాలు స్ఫురించాయి. రాయి ఎంత అరిగినా "స్వస్తి శ్రీ" కనబడితే చాలు, ఇక్కడొక శాసనం మొదలైందని పరిష్కర్త పోల్చుకుంటాడు. మేముంటున్న ఈ తెల్లాపూరు పేరు చరిత్రలో నిలిచినదీ ఒక శాసనం వల్లనే. 1417 నాటిదని చెప్పే ఆ రాతిమీద తెలంగాణ పేరు తెలుంగణ రూపంలో ఉన్నది. ఆరువందల యేళ్ళ రాయి చదువబడుతున్నది, నా చేతిలోని పదమూడేళ్ళ పాట చదువబడడం లేదు! అపార్టుమెంటు కిటికీలోంచి కోకాపేట వైపు దీపాలు చూస్తూ ఆ రాత్రి అదే అనుకున్నాను.

తెల్లవారేసరికి పని ముగిసింది. ముప్పై ఎనిమిది పాటలు పూర్తిగా, మూడు సగం సగంగా వచ్చాయి. రెండు పోయాయి. పేర్లు మాత్రం ఒక్కదానికీ లేవు. అన్నీ ఎఫ్ అనే అక్షరం, దాని వెనుక అంకెలు. బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో ఎందుకు మొదలవుతుందో, పేరు ముందు తెలియనిదే శాస్త్రమెందుకు సాగదో, పిల్లలకు చెప్పిన నాకు అప్పుడు తెలిసివచ్చింది. నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్కటే విని మళ్ళీ నామకరణం చేశాను. ఇన్నేళ్ళలో ఆ పాటలను నేను మొదటినుండి చివరిదాకా విన్నది అదే మొదటిసారి. ఉన్నాయి కదా అనే ధీమాతో విననే లేదు. ఒక పాట చివర అక్కయ్య, "తమ్మీ, బందు చేసినవా, ఇంకా తిరుగుతున్నదా అది?" అని అడగడం కూడా ఉన్నది.

అప్పగింతల పాట సగమే దొరికింది. మూడవ చరణంలో, ఆడబిడ్డ గడప దాటే చోట, గొంతు తెగిపోయింది. మేనకోడలికి ఫోనులో అంతవరకు వినిపించాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, ఆగిన చోటనే అందుకుని చివరిదాకా పాడింది. నేను రికార్డు చేసుకున్నాను. అయితే ఆమె పాడిన చివరి చరణంలో ఒక మాట నాకు గుర్తున్నదానికి భిన్నంగా ఉన్నది. అది అక్కయ్య పాఠమా, మేనకోడలి పాఠాంతరమా, లేక నా జ్ఞాపకమే తప్పా? తేల్చి చెప్పగలిగినది ఆ పోయిన సగం ఒక్కటే. రెండు పాఠాలూ వ్రాసి పెట్టుకున్నాను. పెళ్ళిలో మాత్రం మేనకోడలే నిలబడి మొత్తం పాడింది.

ఇప్పుడా పాటలు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి నా కంప్యూటరులో, ఒకటి కోడలి దగ్గర, ఒకటి ఊళ్ళో మేనకోడలి ఇంట. మిత్రులారా, మీ సొరుగుల్లోనూ ఇటువంటి బొటనవ్రేలి భాండాగారాలు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం ఒకసారి తీసి, తెరిచి, వేరొక చోట ప్రతి వ్రాసుకోండి. అన్నిటికంటె ముందు ఒకసారి వినండి.

స్వస్తి.