పాడుబడ్డ ఇల్లు వేరు, కాపురమున్న ఇల్లు వేరు

సెప్టెంబరు వచ్చిందంటే మా మిషిగన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వేలం జాబితాలు తిరగడం మొదలవుతుంది. ఇంటి పన్ను బకాయి పడ్డ ఆస్తులను డెట్రాయిట్ నగరమున్న వేన్ కౌంటీ ఆన్‌లైన్‌లో వేలం వేసే కాలం అది. మొదటి విడతలో బకాయి మొత్తమే కనీస పాట. ఎవరూ పాడని ఇళ్ళు అక్టోబరులో రెండో విడతకు వస్తాయి, అక్కడ పాట ఇంకా చాలా తక్కువ మొత్తం దగ్గర మొదలవుతుంది. కొత్త స్కూటర్ కూడా రాని డబ్బుకు అమెరికాలో ఇల్లంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కూకట్‌పల్లి నుంచి, విజయవాడ నుంచి కూడా నాకు ఫోన్లు వస్తుంటాయి, “అన్నా, ఇది నిజమేనా?” అని.

నిజమే. కానీ ఆ జాబితాలో రెండు రకాల ఇళ్ళుంటాయి. తలుపులు, రాగి పైపులు కూడా పీక్కుపోయిన పాడుకొంపలు కొన్ని, లోపల మనుషులు వండుకు తింటున్న ఇళ్ళు కొన్ని. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల డెట్రాయిట్ చాలా నష్టపోయింది.

ముందు పాడుకొంపల సంగతి. 1950లో ఈ నగర జనాభా 18 లక్షల 50 వేలు, 2020 జనాభా లెక్కల్లో 6 లక్షల 39 వేలు. కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోయాయి, తెల్లవాళ్ళు శివార్లకు తరలిపోయారు, ఆపైన 2008 నాటి ఇళ్ళ అప్పుల సంక్షోభం వచ్చి పడింది. వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. ఖాళీ కొంప పక్కనుంటే ఇరుగుపొరుగుకు నిద్ర ఉండదు. ఎవరో నిప్పు పెడతారు, మత్తుమందు అమ్మేవాళ్ళు చేరతారు. యజమాని ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు. పూర్వం ఇక్కడ పన్ను బకాయిలను మదుపరులకు అమ్మేవారు. ఆస్తి చివరికి ఎవరిదో తేలేసరికి ఏళ్ళూ పూళ్ళూ పట్టేది, తేలినా పత్రాల్లో చిక్కులే. 1999లో మిషిగన్ చేసిన 123వ చట్టం ఆ గడువును మూడేళ్ళకు కుదించింది. మూడేళ్ళు పన్ను కట్టకపోతే కోర్టు ఉత్తర్వుతో ఆస్తి కౌంటీ ట్రెజరర్ చేతికి వస్తుంది. వేలానికి ముందే నగరం కొనుక్కునే హక్కూ ఉంది. అలా సర్కారు చేతికొచ్చిన ఆస్తులను చూసుకోవడానికే ల్యాండ్ బ్యాంకులు పుట్టాయి.

ఈ ఏర్పాటు చేయగల మేలు చూడాలంటే మిషిగన్‌లోనే ఉన్న ఫ్లింట్ నగరానికి వెళ్ళాలి. 1920లో కట్టిన డురాంట్ హోటల్ 1973లో మూతపడి మూడు దశాబ్దాలకు పైగా ఊరి మధ్యలో పావురాల పాలైంది. జెనెసీ కౌంటీ ల్యాండ్ బ్యాంకు దాన్ని కొని బాగు చేయిస్తే 2010లో అపార్ట్‌మెంట్లుగా మళ్ళీ తెరుచుకుంది. ఇటు డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకు ఇంటిని ఆనుకుని ఉన్న ఖాళీ స్థలాన్ని ఆ ఇంటివాళ్ళకే 100 డాలర్లకు ఇస్తుంది. అలా కొన్న ఒకాయన స్థలం నేను చూశాను. కాలిపోయిన ఇంటి పునాది రాళ్ళనే గట్టుగా పేర్చి టమాటాలు, కొల్లార్డ్ ఆకుకూర వేశాడు. ఇలాంటి పనికి సర్కారు ఆస్తులు స్వాధీనం చేసుకుంటానంటే నేను మనసారా సమర్థిస్తాను.

నా బాధ రెండో రకం ఇళ్ళ గురించి. పన్ను సీజన్‌లో శనివారాలు డెట్రాయిట్ తూర్పు వైపు ఒక ఉచిత సహాయ కేంద్రంలో ఫారాలు నింపుతుంటాను. ఒకసారి డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఒళ్ళో పసుపురంగు ప్లాస్టిక్ సంచి పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. తలుపు గుబ్బకు కౌంటీవాళ్ళు తగిలించి వెళ్ళిన సంచి అది. లోపల జప్తు నోటీసు. ఇల్లు వాళ్ళమ్మది, అప్పు ఎప్పుడో తీరిపోయింది. తల్లి పోయాక కాగితాలు పేరు మార్పించుకోలేదు. మన ఊళ్ళలో తాతల పేరునే ఉండిపోయిన పాస్‌పుస్తకాలు చూసినవాళ్ళకు ఇది వింత కాదు. ఆదాయం తక్కువున్న ఇంటి యజమానులకు నగరం పన్ను మినహాయిస్తుంది, ఆవిడ ఆదాయానికి అది రావలసిందే. కానీ కాగితం మీద ఆవిడ యజమాని కాదు. బకాయి మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పెరుగుతోంది.

శివార్లలో నోవైలో, ట్రాయ్‌లో ఉండే మనలో చాలామందికి ఇంటి పన్ను బిల్లు ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఇంటి అప్పు నెలవాయిదాలో కలిపి బ్యాంకే కట్టేస్తుంది. అప్పంతా తీర్చేసి సొంతింట్లో ఉంటున్న పేదవాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ.

ఆ పెద్దావిడ ఇల్లు నిలిచింది. న్యాయసహాయం చేసేవాళ్ళు పేరు మార్పించారు, మినహాయింపు వచ్చింది. ఆ వీధిలోనే ఎదురింటాయనకు ఈ దారి చెప్పినవాళ్ళు లేరు. ఇల్లు వేలంలో పోయింది, ఆయన కూతురింటికి వెళ్ళిపోయాడు. కొన్నవాళ్ళు ఒక్కసారి కూడా వచ్చి చూడలేదట. ఇప్పుడు ఆ కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. ఖాళీ ఇళ్ళు తగ్గించడానికి చేసిన చట్టమే ఒక ఖాళీ ఇంటిని తయారు చేసింది.

ఇంతకీ ఆ పన్నయినా న్యాయంగా వేశారా? ఆస్తి విలువలో సగానికి మించి పన్ను మదింపు చేయకూడదని మిషిగన్ రాజ్యాంగం చెబుతుంది. 2008 తర్వాత ఇళ్ళ ధరలు కుప్పకూలినా నగరం పాత విలువల మీదే పన్ను వేస్తూ పోయింది. 2010 నుంచి 2016 దాకా ఇంటి యజమానుల మీద దాదాపు 60 కోట్ల డాలర్లు ఎక్కువ పడిందని డెట్రాయిట్ న్యూస్ 2020లో లెక్కగట్టింది. న్యాయశాస్త్ర ఆచార్యురాలు బెర్నడెట్ అటువహెనే పరిశోధన ప్రకారం 2011, 2015 మధ్య నగరంలో దాదాపు ప్రతి నాలుగు ఆస్తుల్లో ఒకటి పన్ను జప్తుకు గురైంది. నగరమంతా కొత్తగా మదింపు జరిగింది 2017లో. అప్పటికే వేలమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. వేయకూడని పన్ను వేసి, కట్టలేదని ఇల్లు లాక్కోవడాన్ని నేను దోపిడీ అనే అంటాను.

ఇది డెట్రాయిట్‌లోని నల్లజాతి పేదల బాధే అనుకుంటే పొరపాటు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఓక్లాండ్ కౌంటీలోనే రఫేలీ కేసు పుట్టింది. సౌత్‌ఫీల్డ్‌లో రఫేలీకి చెందిన ఇంటికి పన్ను 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ పడింది. కౌంటీ ఇంటిని 24,500 డాలర్లకు వేలం వేసి మొత్తం ఉంచేసుకుంది. అది చెల్లదని 2020లో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చింది. 2023లో మిన్నెసోటాకు చెందిన 94 ఏళ్ళ జెరాల్డిన్ టైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఏకగ్రీవంగా అదే చెప్పింది. బకాయి పోగా మిగిలింది ఇంటివాళ్ళదే. ఇక్కడో మెలిక ఉంది, మిగులు కావాలంటే జప్తయిన ఏడాది జూలై 1 లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు సంగతి తెలియాల్సినవాళ్ళకే తెలియదు.

వేలంలో పాడాలనుకునే మిత్రులకు నా విన్నపం. పాడేముందు ఒక్కసారి ఆ ఇంటి ముందుకు వెళ్ళి చూడండి. వాకిట్లో గడ్డి కోసి ఉన్నా, కిటికీకి తెర ఉన్నా, మెట్ల మీద చెప్పులున్నా ఆ ఇల్లు వదిలేయండి. ఇల్లు కావాలనుకుంటే నిజంగా ఖాళీగా ఉన్న ఇళ్ళను ల్యాండ్ బ్యాంకు అమ్ముతూనే ఉంది, అవి కొనండి. మీ ఇంటికి పనికి వచ్చేవాళ్ళలో, మీ ఫ్యాక్టరీలో, మీ దుకాణంలో డెట్రాయిట్‌లో సొంతిల్లున్న పెద్దవాళ్ళుంటే రెండు మాటలు అడగండి: ఇల్లు ఎవరి పేరున ఉంది, పన్ను మినహాయింపుకు దరఖాస్తు పెట్టారా అని. పెట్టలేదంటే మా సహాయ కేంద్రానికి పంపండి. ఫారం నింపడానికి ఒక గంట చాలు, డబ్బేమీ తీసుకోం.