1.50లో చందమామ

పోచంపల్లి అంటే తెలుగు పాఠకులకు మగ్గాలు, ఇక్కత్ చీరలే గుర్తొస్తాయి. మాది ఆ పోచంపల్లి కాదు. తమిళనాడులో కృష్ణగిరి జిల్లా, బారూరు చెరువుకు దగ్గర, ఆదివారం సంతకు పేరుపడ్డ ఊరు. సంతలో మేకల బేరం తమిళంలో మొదలై, ఇద్దరూ మనవాళ్లేనని తెలిశాక తెలుగులో తెగేది. బడిలో మాత్రం మాకు తెలుగు లేదు. 2006లో ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, హోసూరు వైపు తెలుగు బడుల్లో చదివే పిల్లలకూ తెలుగు దూరమవుతూ వచ్చింది. నాకు అక్షరాలు నేర్పింది మా అవ్వ, పలక మీద. అక్షరాలైతే వచ్చాయి గానీ చదవడానికి ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకం లేదు.

ఆ కొరత తీర్చింది ఒక ఆటల యంత్రం. హోసూరులో కంపెనీ పనికి పోయే మా మామ బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతది ఒకటి కొనుక్కొచ్చాడు. సోనీ పీఎస్పీ. నల్లగా, నున్నగా, ముట్టుకుంటే వేలిముద్ర పడేది. తెర 4.3 అంగుళాలు. సెట్టింగ్స్‌లోకి పోతే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ 1.50 అని చూపించేది. మామ ఆ అంకెను ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు.

దాని వెనక కథ ఇది. 2004 డిసెంబర్ 12న జపాన్‌లో ఈ యంత్రం అమ్మకానికి వచ్చినప్పుడు లోపలున్నది 1.00. పేరుకు అది పూర్తయిన వెర్షనే. కానీ తయారు చేసేవాళ్లు తమ బల్ల మీద పరీక్షకు వాడుకునే దశలోనే బయటికి వచ్చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే, ఎవరు రాసిన ప్రోగ్రామైనా సరే, కంపెనీ ముద్ర ఉందా లేదా అని అడగకుండానే నడిపించేది. 2005 వసంతంలో ఒకరు చిన్న ప్రోగ్రామ్ రాసి దాని మీద ‘హలో వరల్డ్’ అనిపించారు. అదే ఏడాది మార్చి 24న అమెరికాలో యంత్రం విడుదలైంది. అందులోని 1.50లో ఆ తలుపు మూశారు. మూశారే గానీ గడియ సరిగా పడలేదు. కొన్ని నెలలకే దారి దొరికింది. ఒకే ప్రోగ్రాముకు రెండు ఫోల్డర్లు పెట్టాలి, రెండోదాని పేరు చివర శాతం గుర్తు ఉండాలి. అప్పుడు మెనూలో ఒకటి మామూలుగా, దాని పక్కనే ఇంకొకటి ‘పాడైపోయిన డేటా’ అని కనిపించేవి. మామూలుగా ఉన్నదాన్ని నొక్కితే చాలు, ప్రోగ్రామ్ నడిచేది.

అలా మా ఇంటికి వచ్చింది బుకర్ అనే ప్రోగ్రామ్. పీడీఎఫ్‌లు చదవడానికి ఎవరో బయటివాళ్లు ఉచితంగా రాసిపెట్టింది. మామ బెంగళూరు బ్రౌజింగ్ సెంటర్లో స్కాన్ చేసిన పాత చందమామలు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి మెమరీ స్టిక్‌లోకి ఎక్కించాడు. పేజీ మొత్తం తెరలో పడితే అక్షరాలు చీమలంత. పెద్దది చేస్తే చందమామ పేజీలోని రెండు కాలమ్‌లలో ఒకటి వెడల్పుకు సరిగ్గా సరిపోయేది. ఎడమ బొటనవేలి కింద గుండ్రటి మీటను కిందికి లాగుతూ ఒక కాలమ్ చదవడం, మళ్లీ పైకి, పక్క కాలమ్. బేతాళ కథ వచ్చిందంటే శంకర్ గారి బొమ్మ ముక్కలు ముక్కలుగా కనపడేది. ముందు చెట్టు, తరవాత కత్తి, ఆ తరవాత భుజం మీద శవం. అదే బొమ్మ బడి లైబ్రరీలో తమిళ చందమామ అయిన అంబులిమామలో చూసినవాణ్ని. నాగిరెడ్డి, చక్రపాణి 1947లో మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక రెండు భాషల్లోనూ నా చేతికి వచ్చింది, ఒకటి కాగితం మీద, ఇంకొకటి గాజు మీద. ఒత్తులు కూడబలుక్కుని చదవడం నాకు ఆ తెర మీదే అలవాటైంది. తప్పు చదివితే అవ్వ వంటింట్లోంచే సరిదిద్దేది.

ఇంట్లో పెద్ద గొడవ అప్‌డేట్ దగ్గర వచ్చింది. పెద్దనాయన కొడుకు, మా అన్న, కొత్త ఆట డిస్క్ తెచ్చాడు. కొత్త వెర్షన్ ఎక్కిస్తే తప్ప ఆ ఆట తెరుచుకోదు. ఆ వెర్షన్ డిస్క్‌లోనే ఉంది, సరే అని ఒక్క నొక్కు నొక్కితే చాలు. మామ యంత్రాన్ని చేతిలోంచి లాక్కున్నాడు.

“దీన్ని ఎవురూ అప్‌డేట్ చేయద్దండి. చేస్తిరంటే చందమామ పోతాది. నడాన కరెంటు పోయిందంటే మిషనే పోతాది.”

ఆ భయం ఉత్తదేం కాదు. కొత్త వెర్షన్‌లో ఆ శాతం గుర్తు దారి మూసేశారు, బుకర్ నడవదు. అప్‌డేట్ మధ్యలో ఆగితే యంత్రం మళ్లీ లేవదు. అందుకే చార్జర్ పెట్టి ఉంచమని అదే అడిగేది. మా వైపు ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అన్న రెండు రోజులు అలిగాడు. తరవాత తనే శాతం గుర్తు ఫోల్డర్లు చేయడం నేర్చుకుని, మామ లేనప్పుడు మాకు కొత్త సంచికలు ఎక్కించిపెట్టాడు.

ఆ యంత్రానికి చివరి వెర్షన్ 6.61, 2015లో వచ్చింది. దాని భాషల జాబితాలో జపనీస్, ఇంగ్లీషు, రష్యన్, కొరియన్ ఉన్నాయి. తెలుగు లేదు, తమిళం లేదు. తొలి వెర్షన్లలో గడియ పడకపోవడం వల్లే మా భాష ఆ తెర మీదికి రాగలిగింది. 1.00, 1.50 లాంటివాటిని, అంగడికి రాకముందు తయారీదారుల చేతుల్లో తిరిగిన ఇంకా పాత వెర్షన్లను వెతికి భద్రం చేసేవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. పాత చందమామలను ఒక్కో పేజీ స్కాన్ చేసి పెట్టినవాళ్ల మీద నాకెంత గౌరవమో, వీళ్ల మీదా అంతే.